పాత మోటారు సైకిలును పరీక్షించుట



మన పల్లెటూళ్ళలో ఎద్దును కొనునప్పుడు పెద్దలు చూపెడి శ్రద్ధ మీకు నేను చెప్పవలసినది కాదు. సంతలో గిత్త నిలువబడియుండగా ముందు దాని నోరు తెరచి పండ్లు లెక్కింతురు. పిమ్మట మూపురము తడిమి, గిట్టలెత్తి, సుళ్ళను వెదకి చూతురు. అంతటితో తృప్తినొందక, కాడికి కట్టి, బరువు వేసిన బండితో ఇసుకలో నడిపింతురు. ఒక ప్రక్కకు ఒరగుచున్నదా, అదలించినచో బెదరుచున్నదా, ఆగుమన్నచోట ఆగుచున్నదా యని నిదానముగా చూచి గాని తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరమాడరు. అదే పెద్దమనిషి, మనుమడు వచ్చి ‘తాతయ్యా, పట్టణములో ఒక పాత మోటారు సైకిలు చవుకగా వచ్చుచున్నది’ అన్నంతనే పెట్టె తెరచి సొమ్ము లెక్కించి యిచ్చును. బండి యెట్టిదని గూడ ఆయన యడుగడు. ‘అది యంత్రము నాయనా, మాకేమి తెలియును’ అని తప్పుకొనును.

ఈ తప్పుకొనుట తగదని నా యభిప్రాయము. మోటారు సైకిలు నెక్కుటయే నేర్వనివాడు గూడ దానిని చాలవరకు పరీక్షింపగలడు. ఆ పరీక్షలో అధిక భాగము కంటికి, చెవికి, అరచేతికి సంబంధించినది. ఈ మూడింటి విషయమున పల్లెటూరి పెద్దలకు పట్టణపు కుఱ్ఱవాండ్ర కంటె అభ్యాసమెక్కువ. ఎద్దు చెడ్డదైనచో సొమ్ము పోవును. ఈ బండి చెడ్డదైనచో పోవునది సొమ్ము మాత్రమే కాకపోవచ్చును.

నేను వృత్తిచేత గణితోపాధ్యాయుడను. విశ్రాంతి పొంది చాల కాలమైనది. 1984లో కొనిన రాజ్‌దూతు నా మొదటి బండి. తరువాత ఒక బులెట్టు, ఆపైన ఒక నూరు సీ.సీ. హీరో హోండా నా యింటికి వచ్చినవి. అప్పుడు మా యూరికి చేరువలో మెకానిక్కు లేకపోవుటచే చక్రము విప్పుట మొదలు పిస్టను రింగులు మార్చుట వరకు నేనే నేర్చుకొనవలసి వచ్చెను. ఇప్పటికిని చుట్టుప్రక్కల గ్రామములవారు పాత బండి కొనబోవునప్పుడు ‘మాస్టారూ, ఒకసారి వచ్చి చూడుడు’ అని నన్ను పిలుతురు. నేను చెప్పబోవు మాటలు ఆ తిరుగుడులో పోగుపడినవి.

ఈ వాహనము పుట్టి ఇంచుమించు 140 సంవత్సరములైనది. 1885లో జర్మనీ దేశమునందు డైమ్లరు, మైబాక్ అను నిరువురు కొయ్య చట్రమునకు చిన్న పెట్రోలు ఇంజనును బిగించి, అది ప్రక్కకు ఒరగకుండ అటొకటి ఇటొకటి బుల్లి చక్రముల నమర్చి నడిపించిరి. మన దేశమున బులెట్టు బండ్లను 1955 నుండి మద్రాసులో కూర్చసాగిరి. 1961లో మైసూరునందు జావా కర్మాగారము వెలసినది. ఆ బండ్లే తరువాత యెజ్డీ యను పేర వచ్చినవి. పాల క్యానులను మోయుటకు రాజ్‌దూతు పేరుపొందెను. 1985లో హీరో హోండా వారి సీ.డీ. 100 వచ్చిన పిమ్మట పెట్రోలు పొదుపు అనుమాటకు క్రొత్త అర్థమేర్పడినది. ఇంతకంటె చరిత్ర మనకు నేడు పనిలేదు.

జాతిభేదము మాత్రము తెలియవలెను. పాత బండ్లలో రెండు జాతులు కలవు. రాజ్‌దూతు, యెజ్డీ, యమహా ఆర్.ఎక్స్. 100 మొదలగునవి రెండు స్ట్రోకుల జాతి. వీనిలో ఇంజను నూనె పెట్రోలుతో గూడ మండిపోవును గనుక కొంచెము నీలిపొగ సహజము. బులెట్టు, హీరో హోండా, నేడు మన వీధులలో తిరుగు బండ్లన్నియు ఇంచుమించుగా నాలుగు స్ట్రోకుల జాతి. వీనిలో నూనె ఇంజను అడుగున వేరుగా నుండును; అది మండరాదు. మొదటి జాతియందు సహజమైనది రెండవ జాతియందు రోగమగును. ఇది తెలియక రెండు విధముల నష్టపోయినవారిని చూచితిని: పొగవచ్చుచున్నదని మంచి రాజ్‌దూతును వదలుకొనినవారును కలరు, పొగనెంచక బోరు అరిగిన హీరో హోండాను కొనినవారును కలరు.

ఇక బండివద్దకు పోవుదము. పోవుటకు ముందే అమ్మువానికి ఒక మాట చెప్పవలెను: ‘మేము వచ్చువరకు ఇంజను ముట్టింపవద్దు’ అని. వెళ్ళినంతనే, పలుకరింపులు కాకముందే, ఇంజనుమీద అరచేయి పెట్టి చూడుడు. సైలెన్సరు గొట్టమును తాకకుడు, చేయి కాలును. ఇంజను వెచ్చగా నున్నచో మీరు రాకముందు ఎవరో దానిని నడిపి యుంచిరన్నమాట. వేడెక్కిన ఇంజను తన లోపములను చాలవరకు దాచుకొనును. రాత్రియంతయు చల్లగా నిలచిన ఇంజను ఒకటి రెండు కిక్కులలో లేచినచో దాని కడుపులో బలమున్నదని యర్థము. పది పదునైదు కిక్కులు కొట్టి, చెమటోడ్చి, ‘నిన్న వానలో తడిసినదండీ’ యని అమ్మువాడు సమాధానము చెప్పినచో ఆ వాన మీ సొమ్ముమీద కురియబోవుచున్నదని యెరుగుడు. వెచ్చగానున్న బండిని నేను ఆ దినమున పరీక్షింపను. ‘రేపు తెల్లవారి వత్తుము’ అని చెప్పి లేచివత్తును. అమ్మువాడు నిజాయితీపరుడైనచో దీనికి కోపించుకొనడు.

తాళము త్రిప్పకముందే కిక్కు రాడ్డును కాలితో గాక చేతితో మెల్లగా నొక్కి చూడుడు. మంచి ఇంజనునందు అది కొంత దూరము సులభముగా దిగి, ఒకచోట గట్టిగా ఎదురు తిరిగి, పిమ్మట మెల్లగా లొంగును. మీ వీధి చేతిపంపులో వాషరు క్రొత్తదిగా నున్నప్పుడు పిడి ఎట్లు బిగువుగా నుండునో, వాషరు అరిగిన పిమ్మట ఎట్లు వదులుగా ఊగులాడునో మీకు తెలియును. ఇదియు నంతే. పిస్టను రింగులే ఇక్కడ వాషరు. అడ్డులేక దిగిపోవు కిక్కు రాడ్డు ‘నేను బోరుకు వచ్చితిని’ అని చెప్పుచున్నట్లే. బులెట్టు విషయమున ఒక జాగ్రత్త కావలెను: దాని పిస్టను పెద్దది; తెలియక కొట్టినచో రాడ్డు ఎదురు తన్ని చీలమండను విరుగగొట్టగలదు. పాత బులెట్టులో డీకంప్రెసరు అను చిన్న మీట యుండును. తాళము త్రిప్పి, దానిని పట్టి, మీటరులోని ముల్లు నడిమికి వచ్చువరకు రాడ్డును మెల్లగా దింపి, మీట వదలి, అప్పుడు నిండు బలముతో ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. ఈ విద్య నెరిగినవాడే దానిని ముట్టింపవలెను.

ఇంజను లేచినంతనే ఒకరు సైలెన్సరు వెనుక నిలువబడి పొగను చూడవలెను. చలికాలపు ఉదయమున మొదటి నిమిషమున తెల్లని ఆవిరి వచ్చుట దోషము కాదు, అది నీరు. నల్లని పొగ పెట్రోలు హెచ్చుగా పోవుచున్నదని తెలుపును. ఇది చాలవరకు చిన్న మరమ్మతు. నాలుగు స్ట్రోకుల బండిలో నీలిపొగ కనబడి, వేగము పెంచినకొలది దట్టమగుచున్నచో ఇంజను విప్పవలసియుండును. ఇదే విషయమును ప్లగ్గు గూడ చెప్పును. దానిని విప్పించి చూడుడు: మొనవద్ద లేత మట్టిరంగు ఉన్నచో మంచిది, పొడి మసి పట్టియున్నచో పెట్రోలు హెచ్చు, నూనెతో జిడ్డుగా నున్నచో రింగులో వాల్వులో అరిగినవి, సున్నమువలె తెల్లబారినచో ఇంజను మితిమీరి కాగుచున్నది. వైద్యుడు నాలుక చూచినట్లు నేను ప్రతి బండికిని ప్లగ్గు చూతును. ఇందుకు పట్టు కాలము 2 నిమిషములు.

ఇంతవరకు చెప్పినది ఇంజను సంగతి. నిజము చెప్పవలెనన్న ఇంజను లోపము మీ సంచికి మాత్రమే హాని. ప్రాణమునకు హాని చేయునవి చట్రము, ముందరి ఫోర్కు, చక్రములు, బ్రేకులు. మన కుఱ్ఱవాండ్రు ఇంజను శబ్దమును విని మురిసిపోయి వీనివంక చూడనే చూడరు.

చట్రమును చూచుటకు మధ్యాహ్నపు వెలుగు కావలెను. హాండిలు క్రింద, పెట్రోలు ట్యాంకు ముందర, చట్రపు మెడ యున్నది. ఎదుటివానిని గ్రుద్దుకొనిన బండికి మొదట దెబ్బ తగులునది అక్కడనే. అచ్చట రంగు ముడుతలు పడినను, పగిలి పొరలు లేచినను, మిగిలిన చట్రమునకు లేని క్రొత్త వెల్డింగు గుర్తు కనబడినను ఆ బండిని వదలివేయుడు. ఎంత చవుకైనను వదలివేయుడు. బండి కంతకును క్రొత్తగా రంగు వేసియున్నచో మన మనస్సు సంతోషించును. నా మనస్సు మాత్రము శంకించును. ముసలి ఎద్దు కొమ్ములకు రంగు పూసి సంతకు తోలుకొనివచ్చినవాని జ్ఞాపకము వచ్చును.

పిమ్మట బండికి ఎదురుగా పది అడుగుల దూరమున కూర్చుండి చూడుడు. ముందరి ఫోర్కు గొట్టములు రెండును సమముగా నిలువబడవలెను. ఒకటి వంగినను కంటికి తెలియును. ముందరి బ్రేకు పట్టించి హాండిలును మూడు నాలుగు సారులు గట్టిగా క్రిందికి నొక్కించుడు. అది దిగి, నెమ్మదిగా పైకి రావలెను. ఉయ్యాలవలె ఊగినచో లోపల నూనె లేదు. గొట్టముమీద నూనె వలయము కనబడినచో సీలు పోయినది. ముందరి చక్రము నేలకు తగులకుండ బండిని ఎత్తించి హాండిలును అటునిటు త్రిప్పుడు. నడుమ ఒకచోట గాడిలో పడినట్లు పట్టుకొనుచున్నచో మెడలోని బేరింగులు గుంటలు పడినవి. అట్టి బండి తిన్నని రోడ్డుమీద గూడ నిలుకడగా పోదు. వెనుక చక్రమును రెండు చేతులతో పట్టి ప్రక్కకు ఊపి చూడుడు, కటకటలాడరాదు.

టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చుపడియుండును. మొదటి రెండును వారమును, చివరి రెండును సంవత్సరమును తెలుపును. 2319 అనియున్నచో 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్ళు లోతుగా నున్నను రబ్బరు బీటలు వారియున్నచో ఆ టైరు పనికిరాదు. చైను అడుగు భాగమున నడుమ వ్రేలితో ఎత్తిన సుమారు 2 మొదలు 3 సెంటీమీటర్లు కదలవలెను. చక్రమును త్రిప్పుచు మూడు నాలుగు చోట్ల చూచినను ఆ కదలిక ఇంచుమించు ఒకటిగానే యుండవలెను. పండ్లచక్రపు పండ్లు పులిగోళ్ళవలె వంగి మొనదేలినచో చైనును, రెండు పండ్లచక్రములను గలిపి మార్చవలసినదే. చైను నొక్కదానిని మార్చుట అరిగిన కాడికి క్రొత్త పలుపు కట్టుటవంటిది. దీపములు, హారను వెలుగుచున్నవో మ్రోగుచున్నవో చూచుట మీకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నడిపి చూచుట. ఇక్కడనే పెద్దలు అరుగుమీదనుండి లేవవలసియున్నది.

ఎవరు నడపవలెను? బండి కొనబోవు కుఱ్ఱవాడే నడపవలెనని నియమము లేదు. లైసెన్సు కలిగి, ఆ జాతి బండిని నడిపిన అనుభవము గలవాడు నడపవలెను. తలకు ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు, దాని పట్టీ గడ్డము క్రింద బిగించి, ఉండి తీరవలెను. ‘ఊరి చివరిదాకనే గదా’ యని హెల్మెట్టును ఇంటివద్ద నుంచి పోవుదురు. తెలియని బండి, తెలియని బ్రేకు, తెలియని టైరు. హెల్మెట్టు అన్నిటికంటె అవసరమైన ఘడియ అదే.

మా ప్రాంతమున కొన్నేండ్ల క్రిందట జరిగినది చెప్పెదను. ఒక యువకుడు నూరు సీ.సీ. బండిమీద నేర్చినవాడు, పాత బులెట్టును కొనగోరి, కాలువ కట్టమీద నడిపి చూడబోయెను. 2000 సంవత్సరమునకు ముందు వచ్చిన బులెట్లలో గేరు కుడికాలి క్రిందను, వెనుక బ్రేకు ఎడమకాలి క్రిందను ఉండును. తక్కిన బండ్లలో ఇది తారుమారు. అతడు పోవునప్పుడు ఈ సంగతి అమ్మువాడు చెప్పెను, ఇతడు తల యూపెను. కాని యలవాటు తలలో నుండదు, కాలిలో నుండును. ఎదుట గట్టెక్కుచున్న గేదె కనబడగనే కుడికాలు తనంత తాను త్రొక్కెను. త్రొక్కినది గేరును. బండి యాగలేదు. గేదె తప్పించుకొనెను, బండియు వాడును కాలువలో పడిరి. నీరు తక్కువగా నుండుటచేత మెడయెముక విరుగుటతో పోయెను. వలపటెద్దును దాపట కట్టినచో ఏమగునో ఎరిగిన మనవారు నలుగురు ఆ గట్టుననే యుండిరి. బండికి కూడ వలపట దాపటలుండునని వారికి తట్టలేదు. అది మొదలు, బండి కదలకముందే నడపబోవువానిని దానిమీద కూర్చుండబెట్టి, ఇంజను ఆపియుంచి, ‘బ్రేకు’ అని పదిసారులు హఠాత్తుగా కేకవేసి ఏ కాలు కదలుచున్నదో చూచుట నా పద్ధతి యైనది. దీనికి నన్ను చూచి నవ్వువారును కలరు. నవ్వనిండు.

యెజ్డీ బండికి ఇంకొక విచిత్రము: కిక్కు కొట్టు రాడ్డే మలచి గేరుగా వాడబడును. ఎరుగనివాడు గేరు కొరకు వెదకుచు కూర్చుండును.

నడిపి చూచుటలో మొదటి పని ఆపి చూచుట. ఖాళీ స్థలమున, మనిషి నడచు వేగముతో పోవుచు, ముందరి బ్రేకును మాత్రము మెల్లగా పట్టవలెను, పిమ్మట వెనుకదానిని మాత్రము, పిమ్మట రెండును. ఆ తరువాతనే వేగము పెంచవలెను. ముందరి బ్రేకు పట్టినచో తలక్రిందులగుదుమని మన గ్రామములలో ఒక భయమున్నది. దానిచేత అనేకులు దానిని అలంకారముగా నుంచుకొనిరి. బండి ఆగునప్పుడు బరువంతయు ముందరి చక్రముమీదికి మొగ్గును. కావున తిన్నని పొడి రోడ్డుమీద అధికముగా ఆపునది ముందరి బ్రేకే. ఇసుకలో, బురదలో, మలుపులో మాత్రము దానిని గట్టిగా పట్టరాదు. ఏండ్ల తరబడి ముట్టుకొనకపోవుటచే తీగ తుప్పుపట్టి బిగిసిపోయిన ముందరి బ్రేకులను నేనెన్నియో చూచితిని. డ్రమ్ము బ్రేకు చక్రమువద్ద సరిచేయు మర ఒకటి కలదు. అది చివరివరకు బిగింపబడియున్నచో లోపలి షూలు అరిగిపోయినవని యర్థము. అమ్మువాడు ఆ మరను ఇంకొక చుట్టు బిగించి ‘సరిపోయినది’ అన్నను మీరు ఒప్పుకొనకుడు.

గణితోపాధ్యాయుడను గనుక ఒక లెక్క చెప్పుట మానలేను. గంటకు 30 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు 8 మీటర్లకు పైగా పోవును. కన్ను చూచి కాలు కదలుటకు ఒక సెకను పట్టునని కొందము. బ్రేకు పట్టిన పిమ్మట, మంచి బ్రేకులతో, పొడి రోడ్డుమీద ఇంకొక 6 మీటర్లలో ఆగును. మొత్తము 14 మీటర్లు. వేగము రెట్టింపై 60 అయినచో మొత్తము రెట్టింపై 28 అగునని కుఱ్ఱవాండ్రు తలతురు. కాదు. కన్ను చూచుటలో పోవునది 17 మీటర్లు, బ్రేకు పట్టిన పిమ్మట పోవునది నాలుగు రెట్లై సుమారు 24 మీటర్లు, మొత్తము 41. వెనుక ఒకరు కూర్చున్నను, రోడ్డు తడిసినను, షూలు అరిగినను ఇంకను హెచ్చును. మీ యింటి వాకిటినుండి 41 మీటర్లు అడుగులతో కొలిచి, ఆ చివర నిలువబడి ఇంటివంక చూడుడని మనుమనితో చెప్పుడు. ఉపన్యాసము కంటె అది బాగుగా పనిచేయును.

పెద్దలు నిలువబడి చేయదగిన పరీక్ష యొకటి మిగిలియున్నది. తడిసిన ఇసుకమీదనో, మెత్తని దుమ్ముమీదనో బండిని తిన్నగా, మెల్లగా నడిపింపుడు. తరువాత జాడలను చూడుడు. వెనుక చక్రపు జాడ ముందరి చక్రపు జాడను కప్పవలెను. రెండు జాడలును ప్రక్కప్రక్కగా విడివిడిగా పడినచో చక్రములు వరుసలో లేవు, లేదా చట్రమే వంగినది. అమ్మువాడు ఎన్ని మాటలు చెప్పినను ఇసుక వ్రాసినదానిని తుడువలేడు. ఈ పరీక్షచేత నేను నాలుగైదు బండ్లను త్రోసిపుచ్చితిని. వానిలో రెండు చూచుటకు పెండ్లికొడుకులవలె నుండెను.

ఇరువది నిమిషములు నడిపి వచ్చిన పిమ్మట ఇంజను ఆపి, బండి క్రింద ఒక పాత వార్తాపత్రికను పరచి, కాఫీ త్రాగుడు. ఆలోపల పత్రికమీద ఎక్కడ నూనె చుక్క పడినదో అక్కడ జబ్బున్నది. పిమ్మట వేడిగా నున్న ఇంజనును మరల ముట్టింపవలెను. చల్లగా లేచి వేడిగా లేవని బండ్లు కొన్ని కలవు. అవి నడిరోడ్డున నిలిచిపోవు జాతి.

చాలకాలము కొట్టములో పడియున్న బండి యైనచో ట్యాంకు మూతతీసి లోనికి చూడుడు. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఎథనాలు కలియుచున్నది. అది తేమను లాగుకొనును. కదలక నిలిచిన ట్యాంకులో తుప్పుపట్టుటకును, పాతకాలపు రబ్బరు గొట్టములు మెత్తబడుటకును ఇది తోడ్పడును. గొట్టములను మార్చుట కొలది ఖర్చు. తుప్పు కార్బురేటరులోనికి దిగినచో తల నొప్పి. 2020 ఏప్రిలు తరువాత అమ్ముడైన క్రొత్త బండ్లలో చాలవరకు కార్బురేటరు లేదు, ఇంధనమును కొలిచి చిమ్ము ఏర్పాటు కలదు. వానిని ఇంటివద్ద విప్పుటకు పూనుకొనరాదు.

మరమ్మతుల నన్నిటిని మనమే చేసికొందుమను పంతము నాకు లేదు. చైను బిగించి నూనె వేయుట, ప్లగ్గు శుభ్రపరచుట, గాలి చూచుట, బ్రేకు మర సరిచేయుట, ఇంజను నూనె మార్చుట, ఈ యయిదును ఇంటివద్ద చేసికొనదగినవి. చట్రము, ఫోర్కు, చక్రపు రింగు తిన్నన చేయుట చేయితిరిగిన మెకానిక్కు పని. ‘చిన్న పనేనండీ’ అని ప్రతిదానికి చెప్పు మెకానిక్కును నమ్మకుడు. విప్పిన పాత భాగమును మీ చేతికిచ్చువానిని నమ్ముడు. వాగు దాటిన పిమ్మట డ్రమ్ములో నీరు చేరి బ్రేకు పట్టదని, మెల్లగా పోవుచు రెండు మూడు సారులు బ్రేకు పట్టి ఆరబెట్టవలెనని ఇంటిలోని ప్రతివానికి చెప్పియుంచుడు.

కాగితముల విషయము పొడిగా నుండును గాని విడువరానిది. ఆర్.సి. లోని ఇంజను నంబరును, చట్రపు నంబరును బండిమీద నంబర్లతో ఒక్కొక్క అంకె చొప్పున పోల్చుడు. బండిమీద అంకెలు రాపిడిచేసి మరల కొట్టినట్లున్నచో అక్కడినుండి వెంటనే వచ్చివేయుడు. బ్యాంకు అప్పు వ్రాసియున్నచో అది తీరినట్లు బ్యాంకువారి పత్రము కావలెను. 29, 30 నంబర్ల ఫారములమీద సంతకములు కావలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రమునందైనచో అమ్మినవాడు 14 దినములలోపలను, కొనినవాడు 30 దినములలోపలను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. మన గ్రామములలో ‘తరువాత చూతములే’ యని సంవత్సరములు గడుపుదురు. మీరు అమ్మువారైనచో ఈ మాట మరింత శ్రద్ధగా వినుడు. రికార్డులో ఎవని పేరున్నదో వాడే యజమాని యనియు, బండి చేతులు మారినను ప్రమాదమునకు నష్టపరిహారము వానిమీదనే పడుననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మీరు అయిదేండ్ల క్రిందట అమ్మిన బండి, మీరెన్నడు చూడని యూరిలో, మీరెన్నడు చూడనివానిని గ్రుద్దినచో నోటీసు మీ యింటి తలుపు తట్టగలదు.

పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లవానికి గేర్ల బండి ఇచ్చుట ముద్దుగా భావించు తాతలు కలరు. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, అట్టి పిల్లవాడు నేరము చేసినచో సంరక్షకుడు లేక యజమాని దోషియగును: 3 సంవత్సరముల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలపాటు రిజిస్ట్రేషను రద్దు, పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. బండి తాతగారి పేరున నున్నచో సమను వచ్చునది తాతగారికే.

ఇన్ని పరీక్షలకును నిలిచి బండి ఇంటికి వచ్చినదనుకొందము. మొదటి వారములోనే ఇంజను నూనెను, వేడిగా నుండగా, అడుగు మర విప్పించి ఒక పళ్ళెములోనికి దింపించుడు. దానిని తెల్లగుడ్డమీద వడపోసి ఎండలో చూడుడు. నల్లగా నుండుట సహజము. మెరయుచు సన్నని పొడి కొంచెము కనబడినను ఫరవాలేదు. గోటికి తగులునంతటి ఇనుప ముక్కలు కనబడినచో మెకానిక్కునకు ఆ గుడ్డనే తీసికొనిపోయి చూపుడు, బండిని నడపకుడు. పాత నూనెను కాలువలో గాని, దొడ్డిలో గాని పారబోయక డబ్బాలో పట్టి యుంచుడు. మెకానిక్కులు దానిని తీసికొందురు. క్రొత్త నూనె ఎంత పోయవలెనో ఇంజనుమీదనో, బండితో వచ్చు పుస్తకములోనో వ్రాసియుండును. అంతే పోయవలెను, ఆ దినమును, మీటరులోని అంకెను గోడ పంచాంగముమీద వ్రాసి పెట్టుకొనుడు.